నెమ్మదించిన ఇంటి కంప్యూటర్‌ను శుభ్రంగా, భద్రంగా ఉంచుకోవడం ఎలా?

కంప్యూటర్ నెమ్మదించగానే చాలామంది రెండు పనులు చేస్తారు. ఒకటి, ఒక్క నొక్కుతో వేగం పెంచుతానని చెప్పే ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ను వెతికి తెచ్చి ఇన్‌స్టాల్ చేయడం. రెండవది, బరువంతా యాంటీవైరస్‌దీ అప్‌డేట్లదీ అనుకుని వాటిని ఆపివేయడం. మొదటి దానితో ఉన్న చెత్తకు మరికొంత చెత్త చేరుతుంది, రెండవ దానితో తలుపు గడియ ఊడుతుంది. ఇంటి కంప్యూటర్ విషయంలో వేగమూ భద్రతా వేర్వేరు సమస్యలు కావు. మీరు ఏళ్ల తరబడి వాడని ప్రోగ్రాము ఒకటి లోపల ఉండిపోతే అది మెమరీని తింటుంది, అప్‌డేట్ లేక పాతబడి దాడి చేసేవారికి దారి కూడా ఇస్తుంది. దాన్ని తీసివేస్తే రెండు బాధలూ ఒకేసారి తీరుతాయి. విండోస్ 10, 11 ఉన్న యంత్రాలను దృష్టిలో పెట్టుకుని ఈ క్రమాన్ని రాస్తున్నాను. మెనూల పేర్లు కొద్దిగా అటూ ఇటూ మారవచ్చు గాని, పనుల వరుసను మాత్రం మార్చకండి. తొందర లేని ఒక పూట దీనికి కేటాయించుకోండి.

మొదట నకలు, తరువాతే శుభ్రం

ఏ ఒక్క ఫైలునూ తొలగించక ముందే, పోతే తిరిగి రానివన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. డెస్క్‌టాప్ మీద పడి ఉన్నవి, డౌన్‌లోడ్స్‌లో ఉండిపోయిన రసీదులు, ధ్రువపత్రాలు, బ్రౌజర్‌లోని బుక్‌మార్క్‌లు, అందులోనే దాచిన పాస్‌వర్డ్‌లు మాత్రం తరచుగా మరపున పడతాయి. కొన్నేళ్ల క్రితం నేను ‘న్యూ ఫోల్డర్ 3’ అన్న పేరు చూసి అది చెత్తేనని తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసిన తరువాత, స్కాన్ చేసి ఉంచిన కుటుంబ పత్రాలన్నీ అందులోనే ఉండేవని తెలుసుకున్నాను. పేరు చూసి కాక, తెరిచి చూసి నిర్ణయించడం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

కాపీ పూర్తయ్యాక నాలుగైదు ఫైళ్లను ఆ డిస్క్ నుంచే తెరిచి చూసి, అవి సరిగా ఉన్నాయని నమ్మకం కుదిరాక దాన్ని కంప్యూటర్ నుంచి వేరు చేసి పక్కన పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్క్‌ను బ్యాకప్‌గా లెక్కించలేము, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే ప్రోగ్రాము) చొరబడితే లోపలి ఫైళ్లతో పాటు తగిలించి ఉన్న డిస్క్‌లోని ఫైళ్లకూ తాళం వేస్తుంది. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌నూ పూర్తి బ్యాకప్‌గా భావించకూడదు. ఇక్కడ తొలగించినది అక్కడా తొలగిపోతుంది. కంప్యూటర్ల పని చేసేవారు 3-2-1 అనే లెక్క చెబుతారు: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట.

కాపీ చేస్తుండగా కంప్యూటర్ లోపలి డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చినా, కొన్ని ఫైళ్ల దగ్గర కాపీ పదేపదే నిలిచిపోయినా, మీ కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం బహుశా చెత్త కాదు, పాడవుతున్న డిస్క్. అలాంటప్పుడు శుభ్రం చేసే పనులన్నీ పక్కన పెట్టి, అతి ముఖ్యమైన ఫైళ్లను ముందుగా బయటకు తీయండి. స్కాన్ల పేరుతో ఆ డిస్క్‌ను ఇంకా తిప్పితే మిగిలిన కాస్త ఆయుష్షూ తరిగిపోతుంది.

బరువు ఎక్కడుందో చూడడం

కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల, షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ తన అంతర్భాగపు స్థితిని డిస్క్‌లో దాచుకుని, మరుసటిసారి అక్కడి నుంచే లేస్తుంది. కాబట్టి రోజూ రాత్రి కట్టేసే కంప్యూటర్‌లో కూడా వారాల నాటి చిక్కులు అలాగే ఉండిపోవచ్చు. రీస్టార్ట్ మాత్రం అంతా మొదటి నుంచి ప్రారంభిస్తుంది. కొందరి సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

లేచిన తరువాత పది నిమిషాలు ఏమీ చేయకుండా వదిలేయండి, ఆ సమయంలో అప్‌డేట్ల వెతుకులాట, ఫైళ్ల సూచిక తయారీ వంటి పనులు లోపల సాగుతుంటాయి. ఆపై కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు నిలువు వరుసల శీర్షికల మీద ఒక్కొక్కటిగా నొక్కితే, దేన్ని ఏ ప్రోగ్రాము ఎక్కువగా వాడుతోందో పై నుంచి కిందికి వరుసగా కనిపిస్తుంది. ఏమీ తెరవకుండానే మెమరీ 80 శాతం దాటి ఉంటే ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే ఈ మెమరీ) చాలడం లేదని, లేదా స్టార్టప్‌లో అనవసరమైనవి చాలా లేస్తున్నాయని అర్థం. డిస్క్ చాలాసేపు 100 శాతం దగ్గరే నిలిచిపోతే అది బహుశా తిరిగే పాత రకం హార్డ్ డిస్క్. పెర్ఫార్మెన్స్ అన్న భాగంలో డిస్క్ రకం తిరిగే హెచ్‌డీడీయా, కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీయా అన్నది, ర్యామ్ ఎంత ఉందన్నది కూడా రాసి ఉంటుంది. ఈ వివరాలను ఒక కాగితం మీద రాసుకోండి, చివర్లో ఇవి అవసరమవుతాయి.

తెలియని పేరు కనిపించగానే దాన్ని వైరస్ అనుకుని ఆపివేయకండి. పేరు మీద మౌస్ కుడి మీట నొక్కి, ఫైలు ఉన్న చోటును తెరవమని చెప్పండి. ఎస్‌వీసీహోస్ట్ వంటి విండోస్ సొంత ఫైళ్లు సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటాయి. అదే పేరుతో ఉన్న ఫైలు టెంప్ ఫోల్డర్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో కనిపిస్తే అనుమానించవలసిందే.

వాడని ప్రోగ్రాములను తీసివేయడం

ఈ పూటలో ఎక్కువ సమయాన్ని దీనికే ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో యాప్స్ విభాగంలోకి వెళ్లి, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాను తెరవండి. అందరూ దాన్ని సైజు ప్రకారం అమర్చి చూస్తారు. తేదీ ప్రకారం అమర్చితే ఎక్కువ విషయాలు బయటపడతాయి. ఒకే తేదీన మూడు నాలుగు పేర్లు వరుసగా కనిపించి, వాటిలో ఒకదాన్ని మాత్రమే మీరు కోరి తెచ్చుకున్నారంటే, మిగిలినవి దాని వెంట చెప్పకుండా వచ్చినవే. ‘నెక్స్ట్, నెక్స్ట్’ అంటూ చదవకుండా నొక్కుకుంటూ పోయినప్పుడు ముందే టిక్కు పెట్టి ఉన్న గడుల ద్వారా అవి లోపలికి వస్తాయి.

టూల్‌బార్లు, డ్రైవర్లను (పరికరాలను నడిపే ప్రోగ్రాములను) అప్‌డేట్ చేస్తామనేవి, వేగం పెంచుతామనేవి, కంప్యూటర్‌తో పాటే వచ్చి గడువు తీరిపోయిన ట్రయల్ ప్రోగ్రాములు, ఇప్పుడు మీ దగ్గర లేని ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, ఎవరూ ఆడని ఆటలు, వీటన్నిటినీ తొలగించవచ్చు. ఫ్లాష్ ప్లేయర్ ఇంకా ఉంటే వెంటనే తీసివేయండి. అడోబీ దాని మద్దతును 2020 డిసెంబరు 31తో ముగించింది, అప్పటి నుంచి అందులోని లోపాలను సరిచేసేవారు లేరు. అయితే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే పేరుతో వేర్వేరు సంవత్సరాలవి పదేసి కనిపించినా వాటి జోలికి పోవద్దు, వాటి మీద ఆధారపడే ప్రోగ్రాములు ఆగిపోతాయి. గ్రాఫిక్స్, ఆడియో, టచ్‌ప్యాడ్ డ్రైవర్లకూ ఇదే వర్తిస్తుంది. తీసివేయదలచిన దాన్ని ఎప్పుడూ అన్‌ఇన్‌స్టాల్ ద్వారానే తీసివేయాలి. ఫోల్డర్‌ను నేరుగా డిలీట్ చేస్తే ప్రోగ్రాము పోయినట్టు కనిపిస్తుంది గాని దాని సర్వీసులు, స్టార్టప్ ఆదేశాలు వెనుక మిగిలిపోతాయి.

క్లీనర్ సాఫ్ట్‌వేర్ల గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: అవి అక్కర లేదు. విండోస్ తన అమరికలను రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిపోయిన కొన్ని వందల పాత నమోదులను తొలగించినంత మాత్రాన గుర్తించదగిన వేగం రాదు, తప్పుగా ఒక్కటి తొలగినా విండోస్ లేవకపోవచ్చు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సమర్థించదు. ఇందులో భద్రత కోణం కూడా ఉంది. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాము 5.33 వెర్షన్‌లోకి దాడి చేసినవారు హానికరమైన కోడ్‌ను చొప్పించగా, అది అధికారిక సర్వర్ల నుంచే పంపిణీ అయి సుమారు 22.7 లక్షల మంది వాడకందార్లకు చేరింది. శుభ్రం చేసే ప్రోగ్రాముకు వ్యవస్థ అంతటి మీదా అధికారం ఇస్తాం కనుక, అది చెడితే నష్టం కూడా ఆ మేరకే ఉంటుంది.

స్టార్టప్

టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అనే భాగం ఉంటుంది. కంప్యూటర్ లేవగానే తమంతట తాము లేచేవన్నీ అక్కడ కనిపిస్తాయి. మెసేజింగ్ యాప్‌లు, ఆటల లాంచర్లు, పాటల యాప్‌లు, ప్రింటర్ సహాయకులు, అప్‌డేట్ కోసం కాపు కాసే చిన్న ప్రోగ్రాములు, వీటిని డిసేబుల్ చేయండి. దీనివల్ల అవి తొలగిపోవు, మీరు పిలిచినప్పుడు మాత్రమే వస్తాయి. విండోస్ సెక్యూరిటీకి, ఆడియోకు, టచ్‌ప్యాడ్‌కు సంబంధించిన వాటిని అలాగే ఉంచండి. క్లౌడ్ డ్రైవ్‌ను డిసేబుల్ చేస్తే దాన్ని తెరిచేదాకా సింక్ జరగదన్న సంగతి గుర్తుంచుకుని నిర్ణయించుకోండి.

డిస్క్‌లో చోటు

ఫొటోలను తొలగిస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందనుకోవడం సగమే నిజం. డిస్క్‌లో తగినంత ఖాళీ ఉన్నంత వరకు, ఉన్న ఫైళ్ల సంఖ్య వేగాన్ని పెద్దగా ప్రభావితం చేయదు. ఖాళీ బాగా తగ్గిపోయినప్పుడు మాత్రం అప్‌డేట్లు ఎక్కవు, తాత్కాలిక ఫైళ్లకు చోటుండదు, అంతా నత్తనడకన సాగుతుంది. విండోస్ ఉన్న డ్రైవ్‌లో 15 నుంచి 20 శాతం ఖాళీ ఉండేలా చూసుకుంటే చాలు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ లోపల స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత చోటు తీసుకుందో కనిపిస్తుంది. అక్కడి టెంపరరీ ఫైల్స్‌లో టిక్కు పెట్టినవి మాత్రమే తొలగుతాయి. ఈ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, పేరు చూసి దాన్నీ తాత్కాలికమేననుకుని టిక్కు పెట్టారంటే అందులో మీరు దాచుకున్నవన్నీ పోతాయి. విండోస్ పెద్ద అప్‌డేట్ తరువాత మిగిలే పాత విండోస్ ప్రతి కొన్ని గిగాబైట్లు ఉంటుంది. కొత్తది సరిగా పని చేస్తోందని రూఢి అయ్యాక దాన్ని తీసివేయవచ్చు. అదే చోట స్టోరేజ్ సెన్స్‌ను ఆన్ చేస్తే ఈ పని ఇకపై దానంతటదే జరుగుతుంది. ఎస్ఎస్‌డీని బయటి ప్రోగ్రాములతో డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లను ఒకచోటికి చేర్చడం) చేయకండి. దానికి కావలసిన ట్రిమ్ అనే ప్రక్రియను విండోస్ తనే చూసుకుంటుంది.

బ్రౌజర్

చాలా ఇళ్లలో కంప్యూటర్ అంటే బ్రౌజరే. అందుకని అక్కడి చెత్త కూడా అంతే ముఖ్యం. ఎక్స్‌టెన్షన్ల జాబితాను తెరిచి, ఎందుకు పెట్టారో గుర్తు రాని ప్రతి దాన్నీ తీసివేయండి. మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి చాలా ఎక్స్‌టెన్షన్లకు ఉంటుంది, అంటే బ్యాంకు పేజీని కూడా. ఒకప్పుడు మంచిదైన ఎక్స్‌టెన్షన్ తరువాత చేతులు మారి ప్రకటనలు చొప్పించేదిగా తయారైన సందర్భాలూ ఉన్నాయి.

తెర మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి’ వంటి హెచ్చరికలు పదేపదే వస్తుంటే, చాలాసార్లు అది వైరస్ కాదు, ఎప్పుడో ఏదో సైట్‌కు ‘అలౌ’ అని నొక్కి ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ల అనుమతుల దగ్గర నోటిఫికేషన్లలోకి వెళ్లి, ఆ సైట్లను తొలగిస్తే హెచ్చరికలు ఆగిపోతాయి. తెర నిండా ఎర్రటి హెచ్చరిక, దాని కింద ఫోన్ నంబరు కనిపిస్తే ఆ నంబరుకు ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. ఆల్ట్, ఎఫ్4 నొక్కి ఆ కిటికీని మూయండి, మూతపడకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను ఆపివేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత ట్యాబ్‌లను పునరుద్ధరించమంటారా అని అడిగితే వద్దని చెప్పండి.

రక్షణ

విండోస్ సెక్యూరిటీని తెరిచి, వైరస్ రక్షణ ఆన్‌లో ఉందో లేదో చూడండి. విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఇంటి అవసరాలకు సరిపోతుంది. వేరే యాంటీవైరస్ వాడదలిస్తే ఒక్కటే ఉంచండి; నిరంతరం కాపలా కాసేవి రెండు ఉంటే ఒకే ఫైలును ఇద్దరూ పరీక్షిస్తూ, ఒకదానితో ఒకటి తగవులాడుతూ కంప్యూటర్‌ను ఆపేస్తాయి. ఫుల్ స్కాన్ ఒకసారి చేయండి, పాత యంత్రంలో గంటలు పట్టవచ్చు గనుక రాత్రి పెట్టి వదిలేయడం మేలు. అనుమానం తీరకపోతే అక్కడే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. అది విండోస్ లేవక ముందే పరీక్షిస్తుంది కాబట్టి, విండోస్ నడుస్తుండగా దాక్కునేవి కూడా దానికి దొరికే అవకాశం ఉంది.

అప్‌డేట్లు విసిగిస్తాయన్నది నిజమే. వాటిని ఆపితే ఏమవుతుందో 2017 మే నెలలో వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ చూపించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, సవరణ విడుదల చేసింది. దాన్ని ఎక్కించుకోని కంప్యూటర్ల ద్వారానే ఆ ర్యాన్సమ్‌వేర్ 150 దేశాల దాకా పాకింది. అప్‌డేట్లను ఆపకుండా, మీరు కంప్యూటర్ వాడే గంటలను యాక్టివ్ అవర్స్‌గా నిర్ణయించండి, అప్పుడు మధ్యలో రీస్టార్ట్ అయ్యే బాధ ఉండదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇప్పటికీ అదే వాడుతున్నవారు సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో అదనపు భద్రతా అప్‌డేట్ల పథకానికి నమోదు చేసుకునే వీలుందేమో చూసుకోవాలి, అది తాత్కాలిక ఏర్పాటేనని కూడా గుర్తుంచుకోవాలి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల డిస్క్, ఆమోదిత ప్రాసెసర్ కావాలి. చాలా పాత యంత్రాలు ఆగిపోయేది టీపీఎం, ప్రాసెసర్ల దగ్గరే.

రోజువారీ వాడకానికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాక స్టాండర్డ్ ఖాతా పెట్టుకోండి. అప్పుడు వ్యవస్థ అంతటికీ వర్తించే ప్రోగ్రాము ఏది ఇన్‌స్టాల్ కావాలన్నా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, పిల్లలు నొక్కినా పెద్దలు పొరపాటున నొక్కినా అక్కడ ఒక అడ్డు ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైళ్ల పేర్ల చివరి భాగం కనిపించేలా కూడా అమర్చుకోండి. అది దాగి ఉన్నంత కాలం, ఫొటోలా కనిపించే ఫైలు చివర నిజానికి డాట్ ఈఎక్స్ఈ ఉందన్న సంగతి మీకు తెలియదు. దొంగ లైసెన్సుతో ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా తెరిచిస్తామనే ‘క్రాక్’ ఫైళ్లు సాధారణంగా మొదట కోరేది యాంటీవైరస్‌ను ఆపమని, ఆ కోరిక ఎందుకో ఆలోచిస్తే చాలు. ఈమెయిల్ పాస్‌వర్డ్ మరెక్కడా వాడనిదై, పొడవుగా ఉండాలి, దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టాలి. ఇతర ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ ఆ ఈమెయిల్ ద్వారానే మార్చవచ్చు గనుక అది దొరికితే అన్నీ దొరికినట్టే.

ఇంకా నెమ్మదిగానే ఉంటే

ఇప్పుడు ఆ కాగితాన్ని చూడండి. డిస్క్ రకం హెచ్‌డీడీ అని ఉంటే, దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టించడానికి మించిన వైద్యం లేదు. తిరిగే డిస్క్ ఒక్కో చోటును వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటే, ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు సరిపోతుంది. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి వెతుకులాటలు వేలల్లో జరుగుతాయి. ర్యామ్ 4 గిగాబైట్లే అయి, మెమరీ ఎప్పుడూ నిండే ఉంటే 8కి పెంచండి, అయితే కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, కొనే ముందు విచారించాలి. ఫ్యాన్ గట్టిగా మోగుతూ, కాసేపటికి వేగం పడిపోతుంటే లోపల దుమ్ము పేరుకుని ఉండవచ్చు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

డిస్క్, ర్యామ్ బాగానే ఉండి కూడా కంప్యూటర్ తేరుకోకపోతే, సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉన్న, విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించే ‘రీసెట్ దిస్ పీసీ’ మిగిలిన మార్గం. దానికి ముందు డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని సమాచారాన్ని తాళంతో దాచే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకపోతే కొన్ని పరిస్థితుల్లో మీ డిస్క్ మీకే తెరుచుకోదు. ఫైళ్లను ఉంచి రీసెట్ చేసే వీలున్నా, బ్యాకప్ ఉంది కనుక అన్నీ తొలగించి చేయడమే శుభ్రంగా ఉంటుంది. విండోస్ 11కు అర్హత లేని యంత్రాన్ని ఇంటర్నెట్ చూడడానికి, రాతకోతలకు మాత్రమే వాడేవారు లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను యూఎస్‌బీ నుంచి నడిపి, నచ్చితే దాన్నే ఎక్కించుకోవచ్చు.

రీసెట్ తరువాత వరుస ఇది: ముందు అప్‌డేట్లన్నీ పూర్తి చేయండి, ఆ తరువాత బ్రౌజర్, రోజూ వాడే మూడు నాలుగు ప్రోగ్రాములు వాటి సొంత సైట్ల నుంచి తెచ్చుకోండి, చివరగా బ్యాకప్ డిస్క్‌ను తగిలించి పత్రాలు, ఫొటోలు మాత్రం కాపీ చేసుకోండి. పాత డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్ ఫైళ్లను మాత్రం తిరిగి తేకండి. ఇంతసేపూ బయటకు పంపినవి వాటి నుంచే వచ్చాయి.